సైనిక స్మారకం: ఆవిష్కరణ తర్వాత బాధ్యత ఎవరిది?

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో మాజీ సైనికుల స్మారకాల గురించి, వాటి విషయంలో నగరపాలక సంస్థల బాధ్యత గురించి అడిగినవి ఎక్కువగా ఉన్నందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాం. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి ఒకటిగా కుదించాం.

ప్రశ్న: మా మాజీ సైనికుల సంఘం చందాలు పోగుచేసి ఒక స్మారక స్తంభం కట్టించాలని తీర్మానించుకుంది. పార్కులో స్థలం ఇస్తామని నగర పాలకవర్గం మాట ఇచ్చింది. కట్టించి అప్పగిస్తే మా పని అయిపోయినట్టేనా? ముందుగా ఏమైనా రాయించుకోవాలా?

జవాబు: రాయించుకోవాలి. అదీ పునాదిరాయి పడకముందే రాయించుకోవాలి. మాట ఇచ్చారంటున్నారు కానీ, ఆ మాట పాలకవర్గ సమావేశంలో తీర్మానంగా నమోదైందో లేదో మీరు రాయలేదు. మాట ఇచ్చినవారు పదవిలో ఉన్నంతకాలం అంతా సజావుగానే సాగుతుంది. వారు దిగిపోయాక వచ్చేవారికి ఆ మాటతో పని ఉండదు. తీర్మానంతో పాటు ఒక ఒప్పంద పత్రం ఉండాలి. స్థలానికి హద్దులేమిటి, కట్టడం పూర్తయ్యాక అది సంఘం ఆస్తిగా ఉంటుందా, నగరానికి దఖలు పడుతుందా, దీపాల కరెంటు ఖర్చు ఏ పద్దు కింద పడుతుంది, పగులు కనిపిస్తే మొదట కబురు ఎవరికి చేరాలి, సంఘం ఏదో ఒకనాటికి మూతపడితే దాని హక్కులు ఎవరికి సంక్రమిస్తాయి అన్న సంగతులన్నీ అందులో స్పష్టంగా ఉండాలి. చివరి అంశాన్ని ప్రస్తావించడానికి చాలామంది మొహమాటపడతారు. అయితే మాజీ సైనికుల సంఘాల్లో సభ్యుల వయస్సు పెరుగుతూ పోతుంది, రాతికి మాత్రం ఆ ఇబ్బంది లేదు కాబట్టి, అసలు ముందుగా తేల్చుకోవలసింది అదే.

ఇక డబ్బు సంగతి. వాషింగ్టన్ నగరంలోనూ దాని చుట్టుపక్కలా ఉన్న సమాఖ్య ప్రభుత్వ స్థలాల్లో స్మారకాలు కట్టేవారికోసం అమెరికా 1986లో ఒక చట్టం చేసింది. నిర్మాణానికి కావలసిన సొమ్మంతా చేతిలో ఉన్నట్టు చూపించడంతో పాటు, అంచనా వ్యయంలో 10 శాతానికి సమానమైన మొత్తాన్ని నిర్వహణ కోసం విడిగా సమకూర్చినప్పుడే పని మొదలుపెట్టడానికి అనుమతి దొరుకుతుంది. ఆ 10 శాతం శాశ్వతంగా సరిపోతుందని నేను అనుకోను. కాని ఆవిష్కరణ తేదీ ఖరారు కాకముందే దాతల ముందు నిర్వహణ ఖర్చు ప్రస్తావన తేవడమే ఆ నిబంధనలోని మేలు. మీ నగరంలో అటువంటి నిబంధన ఉన్నా లేకపోయినా, మీ సంఘమే ముందుకు వచ్చి ఒక మూలధన నిధిని ఏర్పాటుచేసి, దానిమీద వచ్చే వడ్డీని మరమ్మతులకు తప్ప వేరే దేనికీ వాడకూడదని షరతు పెట్టవచ్చు.

చందాలు ఉప్పెనలా వచ్చిన స్మారకం కూడా తర్వాతి కాలంలో ఎంత ఇబ్బంది పడిందో తెలుసుకోవాలంటే మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సస్ సిటీ చరిత్ర చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, అంటే 1919లో, ఆ నగర ప్రజలు 10 రోజుల్లో 25 లక్షల డాలర్లకు పైగా పోగుచేశారు. 1921 నవంబరు 1న జరిగిన స్థల అంకిత సభకు అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ, బెల్జియం సేనానాయకులు అయిదుగురూ కలిసి వచ్చారు. 217 అడుగుల ఎత్తైన ఆ స్తంభాన్ని 1926 నవంబరు 11న అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ అంకితం చేశారు. అంత ఘనంగా మొదలైన స్మారకంలో దశాబ్దాలు గడిచేసరికి నీరు పోయే ఏర్పాట్లు పాడయ్యాయి, సందర్శకులు నడిచే అరుగు దెబ్బతింది, చివరికి 1994లో ప్రమాదకరమని తేల్చి దాన్ని మూసివేయవలసి వచ్చింది. పరిష్కారం మళ్లీ నగర ప్రజల నుంచే వచ్చింది. 1998లో ఓటర్లు తమమీద తామే 18 నెలలపాటు డాలరుకు అర సెంటు చొప్పున అమ్మకపు పన్ను వేసుకోవడానికి అంగీకరించారు. 2002లో స్మారకం తిరిగి తెరుచుకుంది, 2006లో దాని అడుగున విశాలమైన మ్యూజియం ప్రారంభమైంది. ఇప్పుడు కట్టడం నగరానిది. రోజువారీ నడిపే బాధ్యత ఒక లాభాపేక్ష లేని సంస్థది. ఇలా యాజమాన్యాన్నీ నిర్వహణనూ విడదీసి రెండింటినీ కాగితంమీద పెట్టుకోవడం మీకు కూడా నప్పే పద్ధతి అనిపిస్తుంది.

ప్రశ్న: మా ప్రాంతంలోని స్మారకం చాలా పాతది. మరమ్మతు చేయమంటే నగరపాలక సంస్థ అది తమది కాదంటుంది, కట్టించిన సంఘం ఇప్పుడు లేదు, రోడ్ల శాఖ రోడ్డు వరకే తమదంటుంది. ఎవరిని పట్టుకోవాలి?

జవాబు: ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందన్న సామెత ఇటువంటి కట్టడాలకు బాగా వర్తిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో స్థానిక కమిటీలు చందాలతో ఊరూరా స్మారకాలు నిలబెట్టి, ఆవిష్కరణ కాగానే చాలాచోట్ల రద్దయిపోయాయి. ఈ చిక్కు కోసమే అక్కడి పార్లమెంటు 1923లో ఒక చట్టం చేసింది. తమ పరిధిలో ఉన్న ఏ యుద్ధ స్మారకానికైనా, అది తమ ఆస్తి అయినా కాకపోయినా, నిర్వహణ, మరమ్మతు, రక్షణల కోసం సహేతుకమైన ఖర్చు పెట్టే అధికారాన్ని ఆ చట్టం స్థానిక సంస్థలకు ఇచ్చింది. 1948లో చేసిన సవరణతో తర్వాతి యుద్ధాల్లో మరణించినవారిని కూడా స్మరించేలా ఆ స్మారకాలను మార్చే వీలు కలిగింది. అయితే చట్టం ఇచ్చింది అధికారమే, మోపింది బాధ్యత కాదు. ఖర్చు పెట్టవచ్చు అన్నదే తప్ప పెట్టి తీరాలని అనలేదు. అందువల్ల అక్కడ కూడా శ్రద్ధగల పాలకవర్గం ఉన్నచోట స్మారకాలు బాగున్నాయి, లేనిచోట స్వచ్ఛంద సంస్థలు పూనుకోవలసి వచ్చింది. 1997లో ఏర్పడిన వార్ మెమోరియల్స్ ట్రస్ట్ అటువంటిదే.

మీరు రోడ్డు ప్రస్తావన తెచ్చారు కాబట్టి ఇంకొక సంగతి. మేరీల్యాండ్ రాష్ట్రంలోని బ్లేడెన్స్‌బర్గ్‌లో, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 49 మంది స్థానికుల స్మృతిగా 1925లో 40 అడుగుల శిలువను పూర్తిచేశారు. వాహనాలు పెరిగేకొద్దీ అది రద్దీ కూడలి నడిబొడ్డున మిగిలింది. 1961లో పార్కుల నిర్వహణ చూసే ప్రభుత్వ కమిషన్ ఆ స్థలాన్నీ శిలువనూ స్వాధీనం చేసుకుంది. అప్పటినుంచి మరమ్మతులన్నీ ప్రజాధనంతోనే జరిగాయి. మత చిహ్నానికి ప్రజాధనం ఎలా ఖర్చు పెడతారన్న వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. శిలువను అక్కడే ఉంచవచ్చని 2019లో తీర్పు వచ్చింది. అంటే పాత స్మారకాన్ని స్వీకరించడం ఎప్పుడూ సులువైన వ్యవహారమేమీ కాదు, దానితోపాటు దాని తగాదాలు కూడా వస్తాయి. అయినా ఎవరిదీ కాదని వదిలేయడంకన్నా అదే మేలు.

మీరు చేయగలిగినది ఇది. భూమి రికార్డుల్లో ఆ స్థలం ఎవరి పేర ఉందో తెలుసుకోండి. నేల ఎవరిదైతే కట్టడం బాధ్యత కూడా వారిదే అని వాదించడానికి మంచి అవకాశం ఉంటుంది. ఆపైన నగర పరిధిలోని స్మారకాలన్నింటికీ ఒక జాబితా తయారుచేసి, ఒక్కొక్కదాని ఎదురుగా బాధ్యత వహించే విభాగం పేరు రాయమని పాలకవర్గాన్ని కోరండి. ఒక్క స్మారకం కోసం అడిగే విజ్ఞప్తి బల్లమీద పడి ఉండిపోవచ్చు. అన్నింటి జాబితా అడిగితే జవాబు ఇవ్వక తప్పదు.

ప్రశ్న: స్మారకంమీద ఎవరి పేర్లు ఉండాలో నిర్ణయించే హక్కు నగరానికి ఉంటుందా? మా బంధువు పేరు వదిలేశారు.

జవాబు: మీ బాధ అర్థమైంది. పేర్ల విషయంలో వచ్చే తగాదాలకు మూలం దురుద్దేశం కాకపోవచ్చు. నియమాన్ని ముందుగా రాసిపెట్టుకోకపోవడమే చాలాసార్లు కారణమవుతుంది. యుద్ధభూమిలో చనిపోయినవారేనా, గాయాలతో ఇంటికి వచ్చి చనిపోయినవారు కూడానా, సేవచేసి బతికి వచ్చినవారందరూనా, ఈ నగరంలో పుట్టినవారా లేక ఇక్కడినుంచి సైన్యంలో చేరినవారా అన్న ప్రశ్నలకు పేర్లు సేకరించక మునుపే జవాబు ఉండాలి. ఆ తర్వాత ముసాయిదా జాబితాను బహిరంగంగా పెట్టి, అభ్యంతరాలకు గడువు ఇచ్చి, ప్రతి పేరునూ దాని అక్షరాలతో సహా సైనిక రికార్డులతోనూ కుటుంబంతోనూ సరిచూసుకోవాలి. చెక్కిన తర్వాత ఒక్క ఒత్తు సరిదిద్దాలన్నా ఆ పలకనంతా మార్చవలసి రావచ్చు.

ఎంత పెద్ద స్మారకంలోనైనా చోటు అయిపోతుంది. బెల్జియంలోని ఈప్ర్ పట్టణంలో 1927లో ఆవిష్కరించిన మెనిన్ గేటుమీద, సమాధి కూడా తెలియకుండా పోయిన 54 వేల మందికి పైగా సైనికుల పేర్లున్నాయి. వారిలో అవిభక్త భారత సైన్యానికి చెందినవారు కూడా ఉన్నారు. అన్ని గోడలు ఉన్నా చోటు చాలక, 1917 ఆగస్టు 15 తర్వాత జాడ తెలియకుండా పోయిన బ్రిటిష్ సైనికుల పేర్లను టైన్ కాట్ స్మారకంలో చెక్కవలసి వచ్చింది. వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారక కుడ్యాన్ని 1982లో అంకితం చేసినప్పుడు దానిమీద 57,939 పేర్లుండగా, తర్వాత అర్హులని తేలినవారిని చేర్చుకుంటూ పోవడంతో ఆ సంఖ్య 58,200 దాటింది. అక్కడ అర్హతను రక్షణ శాఖ నిర్ణయిస్తుంది, గోడ నిర్వహణను జాతీయ పార్కుల విభాగం చూస్తుంది. ఈ విభజన నాకు నచ్చుతుంది, ఎందుకంటే గోడను తుడిచే కార్యాలయం కుటుంబాలతో వాదన పెట్టుకోవలసిన అవసరం ఉండదు. ఫ్రాన్స్‌లో మరింత స్పష్టత ఉంది. దేశంకోసం మరణించినవారిగా ప్రభుత్వం గుర్తించినవారి పేరును వారు పుట్టిన ఊరిలోనో చివరిగా నివసించిన ఊరిలోనో ఉన్న స్మారకంమీద తప్పనిసరిగా చేర్చాలని 2012లో చట్టమే చేశారు. మీ నగరంలో అటువంటి చట్టం లేకపోతే, సేవా ధ్రువపత్రాల నకళ్లు జతచేసి పాలకవర్గానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి, తిరస్కరిస్తే కారణం కూడా రాతపూర్వకంగానే కోరండి.

ప్రశ్న: ఒక సంస్థ ఉచితంగా కట్టించి ఇస్తానంటే నగరం వద్దనవచ్చా? సైనికుల స్మారకాన్ని కాదంటే దేశభక్తి లేదనరా?

జవాబు: అనవచ్చు, కొన్నిసార్లు అని తీరాలి. ఉచితంగా వచ్చే స్మారకంలో ఉచితం నిర్మాణం ఒక్కటే. పైగా నగర స్థలంలో శాశ్వతంగా నిలిచిన కట్టడం ఏ మాట చెబుతున్నా అది నగరం చెబుతున్నట్టే లెక్క. యూటా రాష్ట్రంలోని ప్లెజెంట్ గ్రోవ్ నగరపు పార్కులో ఉన్న కట్టడాల్లో ఎక్కువ భాగం దాతలు ఇచ్చినవి. ఒక మత సంస్థ తమ శాసనాన్ని కూడా పెట్టనివ్వాలని కోరింది, నగరం కుదరదన్నది. ప్రభుత్వ పార్కులోని శాశ్వత స్మారకాలు, అవి ఎవరు ఇచ్చినవైనా, సాధారణంగా ప్రభుత్వ వాక్కే కాబట్టి ఎంచుకునే అధికారం నగరానికి ఉందని అమెరికా సుప్రీంకోర్టు 2009లో ఏకగ్రీవంగా తేల్చింది. ఆ అధికారంతో పాటు, ఎంచుకున్నదానికి జవాబుదారీ కూడా నగరమే అవుతుంది.

ఎంచుకోవడం ఇష్టంలేక తలుపులు తెరిచిపెట్టిన నగరం కూడా ఒకటుంది. మిన్నెసోటా రాష్ట్రంలోని బెల్ ప్లెయిన్‌లో మాజీ సైనికుల స్మారక పార్కులో శిలువ ముందు మోకరిల్లిన సైనికుడి ఉక్కు ఆకృతిమీద వివాదం రేగినప్పుడు, అక్కడి పాలకవర్గం 2017 ఫిబ్రవరిలో పార్కులో కొంత భాగాన్ని ఎవరైనా సైనికుల స్మృత్యర్థం కట్టడం పెట్టుకోగల వేదికగా ప్రకటించింది. సాతాను పేరు పెట్టుకున్న సాటానిక్ టెంపుల్ అనే సంస్థ వెంటనే దరఖాస్తు పెట్టి అనుమతి సంపాదించింది. ఊరంతా అట్టుడికిన తర్వాత అదే ఏడాది జులైలో ఆ వేదికనే రద్దుచేశారు. ఒప్పుకోవడానికి ప్రమాణాలేమిటో ముందే రాసుకుని ఉంటే ఈ ప్రహసనం తప్పేది.

పాత స్మారకాన్ని మార్చదలచిన నగరం చేతులు కట్టేసినట్టయిన సందర్భాలూ ఉన్నాయి. దక్షిణ కరోలినాలోని గ్రీన్‌వుడ్ స్మారకంమీద రెండు ప్రపంచ యుద్ధాల మృతుల పేర్లను తెల్లవారు, నల్లవారు అని వేర్వేరు జాబితాలుగా పోతపోశారు. మేయర్ విరాళాలు సేకరించి అందరి పేర్లూ కలిసి ఉండే కొత్త ఫలకాలు పెట్టబోతే, బహిరంగ స్థలాల్లోని యుద్ధ స్మారకాలను మార్చాలంటే శాసనసభ అనుమతి ఉండాలన్న 2000 సంవత్సరపు రాష్ట్ర చట్టం అడ్డువచ్చింది. ఇవాళ మీరు ఒప్పుకునే ఫలకాన్ని రేపటివారు తేలిగ్గా మార్చలేరన్న స్పృహతోనే దానిమీది ప్రతి మాటనూ పరిశీలించాలి.

దేశభక్తి గురించి మీరు అడిగిన మాటకు నా జవాబు చిన్నదే. నిర్వహించలేని స్మారకాన్ని వద్దన్న నగరంకన్నా, ఒప్పుకొని పాడుబెట్టిన నగరమే సైనికులను ఎక్కువ అవమానిస్తుంది.

ప్రశ్న: ఉత్త స్తంభం ఎందుకు, సైనికుల పేరుతో ఏ ఆడిటోరియమో క్రీడా ప్రాంగణమో కడితే పదిమందికీ ఉపయోగం కదా?

జవాబు: మంచి ఆలోచనే. షికాగోలోని సోల్జర్ ఫీల్డ్, లాస్ ఏంజిలిస్‌లోని మెమోరియల్ కొలీజియం అలా వచ్చినవే. కాని వినియోగం ఉన్న కట్టడానికి నిర్వహణ మరింత ఎక్కువ. హోనొలూలూలో, మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన హవాయి వాసుల స్మృతిగా సముద్రం ఒడ్డునే ఉప్పునీటి ఈత కొలను కట్టి 1927 ఆగస్టులో తెరిచారు. ఉప్పుగాలి, కెరటాలు పెట్టే కోత ఎలా ఉంటాయో ఊహించవచ్చు. 1979లో మూతపడిన ఆ కొలనును బాగుచేయాలా, పడగొట్టాలా అన్న వాదం దశాబ్దాలు సాగింది. వాడుక ఆగిపోయాక స్తంభం స్తంభంగానే మిగులుతుంది, కొలను మాత్రం కంచె వేసిన శిథిలమవుతుంది. ఉపయోగపడే కట్టడాన్నే కోరుకుంటే, స్మారక ఫలకాన్ని ఆ భవనంనుంచి విడిగా, భవనం పోయినా నిలిచే చోట పెట్టమని సలహా.

ప్రశ్న: ఏటా ఒకసారి పూలదండ వేయడం తప్ప నగరం ఇంకేం చేయగలదు?

జవాబు: ఈప్ర్ పట్టణం చేస్తున్నది చూడండి. పైన చెప్పిన మెనిన్ గేటు రాతిపని బాధ్యత కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్‌ది. కాని ఆ గేటు కింద ప్రతి సాయంత్రం 8 గంటలకు మృత సైనికులకు నివాళిగా వినిపించే లాస్ట్ పోస్ట్ బాకా పట్టణవాసులది. స్థానిక పోలీసు అధికారి ఒకరు తలపెట్టగా 1928లో మొదలై, 1929 నుంచి నిత్య కార్యక్రమమైంది. బాకాలు ఊదేది స్థానిక అగ్నిమాపక దళానికి చెందిన స్వచ్ఛంద సభ్యులు. ఆ కాసేపూ గేటు కిందుగా వెళ్లే వాహనాలను ఆపేది పోలీసులు. జర్మన్ ఆక్రమణ కాలంలో అక్కడ ఆగిపోయినా, 1944 సెప్టెంబరు 6న పట్టణం విముక్తమైన సాయంత్రమే తిరిగి మొదలుపెట్టారు. నగరానికి దీనివల్ల అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. కావలసింది ఎవరు ఏ రోజు రావాలో నిర్ణయించే పట్టిక, రోడ్డు మూసే అనుమతి, ఎవరైనా రాలేకపోతే బదులు వచ్చే మనిషి. రోజూ సాధ్యంకాని చోట నెలకొకసారైనా సరే. తేదీ తప్పకపోవడం ముఖ్యం.

ప్రశ్న: మా యువజన సంఘం సభ్యులు వైరు బ్రష్‌లతో స్మారకాన్ని తోమి, అక్షరాలకు రంగు వేద్దామనుకుంటున్నారు. నగరం అనుమతి అవసరమా?

జవాబు: అనుమతి అవసరం, వైరు బ్రష్ అసలే వద్దు. కంచుమీద పట్టిన రంగు పొరను మాలిన్యమనుకుని గీకితే లోహం బయటపడి మరింత వేగంగా క్షయిస్తుంది. కంచు విగ్రహానికి ఘాటులేని సబ్బు కలిపిన నీళ్లు, మెత్తటి కుంచె, ఆరిన తర్వాత పలుచగా మైనపు పూత, పొడిగుడ్డతో మెరుగు చాలు. ఈ పనిని ఏడాదికొకసారి, తెలిసినవారి పర్యవేక్షణలో చేయాలి. సున్నపురాయిమీదా పాలరాయిమీదా ఆమ్లం గల ద్రావకాలు పడకూడదు. పాత రాతి కట్టడాల్లో రాళ్లను కలిపి పట్టుకోవడానికి లోపల ఇనుప పట్టీలు దిగ్గొట్టి ఉంటాయి. కీళ్లలోంచి నీరు దిగి ఆ ఇనుము తుప్పుపడితే ఉబ్బి, రాయిని లోపలినుంచే చీలుస్తుంది. కాబట్టి అతి శక్తితో నీళ్లు చిమ్మే యంత్రాలు వాడితే మురికి పోయినట్టే కనిపించి, అసలు ముప్పు లోపలికి చేరుతుంది. మెత్తటి రాళ్ల మధ్య సందుల్లో సిమెంటు కూరినా నీరు లోపలే చిక్కుకుంటుంది. అక్కడ సున్నపు గచ్చు వాడాలి.

అక్షరాల సంగతి ఇంకా సున్నితమైనది. కొన్ని పాత ఫలకాల్లో అక్షరపు గాడిలో సన్నటి రంధ్రాలు తొలిచి, సీసాన్ని సుత్తితో కొట్టి వాటిలోకి దింపి ఉంటారు. గట్టిగా తోమితే ఆ సీసం ముక్కలు ఊడి రాలిపోతాయి, పేరులో ఒక అక్షరం మాయమవుతుంది. మీ సభ్యుల ఉత్సాహాన్ని చుట్టూ ఉన్న గడ్డి, చెత్త, కాలువల్లో పేరుకున్న ఆకులు తీయడానికి మళ్లించండి. నీరు నిలవకుండా చూడటమే స్మారకానికి చేయగల మొదటి సేవ. ఏటా వానలకు ముందూ తర్వాతా ఒకే చోట నిలబడి నాలుగువైపులా ఫొటోలు తీసి, తేదీ వేసి, ఒక ప్రతిని నగర ఇంజినీరుకు ఇచ్చి రసీదు తీసుకోండి. పగులు పెరుగుతోందని రుజువు చేయవలసి వచ్చినప్పుడు, మరమ్మతు పద్దుకోసం బడ్జెట్ సమావేశంలో మాట్లాడేవారికి ఆ ఫొటోలే ఆధారమవుతాయి.